చెయ్యి తిరిగేదాకా: నలభై దాటాక ఫిడేలు పట్టుకున్నవాళ్ళ కోసం

నేను ఫిడేలు మొదలుపెట్టినప్పుడు నాకు 41 ఏళ్ళు, ఇప్పుడు 45. విజయవాడలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు మాతోనే ఉంటారు, అంటే తీరిక ఎక్కువై నేర్చుకున్నదాన్ని కాదు. ఈ నాలుగేళ్ళలో మా మాస్టారి దగ్గర నాలాగే పెద్దయ్యాక చేరినవాళ్ళని ఓ పదిమందిని చూశా, ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. మిగతావాళ్ళు ఇష్టం లేక మానలేదు, దాదాపు అందరూ నాలుగో నెలకీ ఆరో నెలకీ మధ్య మానేశారు, మానేటప్పుడు అందరిదీ ఒకటే మాట, "మొదట్లో బానే వచ్చేదండీ, ఇప్పుడు రోజురోజుకీ చెడిపోతోంది, ఇంక నాకు రాదు" అని. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఏమీ చెడిపోలేదు, వాళ్ళ చెవి బాగుపడింది.

అదెలాగంటే, మొదటి నెలలో స రి గ మ వాయించినప్పుడు రి ఎంత పక్కకి పోయిందో మనకి వినపడదు, శబ్దం వచ్చిందంటే చాలు సంబరం. నాలుగో నెలకి చెవికి తెలిసిపోతుంది, కానీ చేతికి ఇంకా రాదు. చెవి ముందు నడుస్తుంది, చెయ్యి వెనకాల వస్తుంది, ఆ మధ్య ఉండే ఎడంలోనే మనుషులు మానేస్తున్నారు. ఇదంతా రాస్తున్నది ఆ ఎడం దాటడం ఎలాగో చెప్పడానికే. నాకు తెలిసింది ఫిడేలు కాబట్టి దాని గురించే చెప్తా, మీరు నేర్చుకునేది వీణైనా ఈతైనా మీకు పనికొచ్చేది తీసుకోండి.

ముందు కష్టం ఎక్కడుందో చూడండి

కొత్త పని కష్టంగా ఉన్నప్పుడు మనం మొదట చేసే తప్పు "నాకు చేతకావట్లేదు" అని మొత్తం కలిపి అనేసుకోవడం. ఏది చేతకావట్లేదో విడదీసి చూసుకుంటే సగం భయం పోతుంది. ఫిడేలు సంగతే చూడండి, వీణకి 24 మెట్లు ఉంటాయి, వేలు మెట్టు మీద పడితే స్వరం దాదాపు దానంతటది పలుకుతుంది. ఫిడేలుకి మెట్లు లేవు, నున్నటి నల్ల చెక్క, ఎక్కడ పెట్టాలో గుర్తు లేదు, రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా అపస్వరమే. దానికి తోడు కుడిచేతిది వేరే పని, ఎడమచేతిది వేరే పని, మనసులో తాళం నడవాలి, వెనకాల ఆగకుండా మోగే శ్రుతి వినాలి. నాలుగు పనులు ఒకేసారి. అందుకే మొదట్లో రాకపోవడంలో వింతేం లేదు.

నేను ఒకరోజు కోపమొచ్చి మా పాప స్కేలు తీసుకుని కొలిచా. మనం మొదట నేర్చుకునేది మాయామాళవగౌళ రాగం, 15వ మేళకర్త (ఏడు స్వరాలూ ఉండే మూల రాగాల్లో 15వది), అందులో రి చాలా దగ్గర, గ చాలా దూరం. ఫుల్ సైజ్ ఫిడేలు మీద తీగ మొదలయ్యే చోటు నుంచి రి దాకా రెండు సెంటీమీటర్లు, రి నుంచి గ దాకా నాలుగున్నర దాకా ఉంది, మళ్ళీ గ నుంచి మ కి ఒకటిన్నర చిల్లర. అంటే చూపుడు వేలు వెనక్కి ముడుచుకుని మధ్యవేలు బాగా సాగి, ఉంగరం వేలు మధ్యవేలికి దాదాపు ఆనుకుని ఉండాలి. నలభై ఏళ్ళుగా కూరలు తరిగి కీబోర్డు కొట్టిన చెయ్యి ఏనాడూ ఈ ఆకారంలోకి వెళ్ళలేదు, మొదటివారంలో ఎందుకు వెళ్తుంది? ఆ కొలత చూశాక నా మీద నాకున్న కోపం పోయింది. ఇంకో సంతోషం ఏంటంటే పక్క తీగ మీద ప ద ని స కి కూడా అచ్చం ఇదే ఆకారం, అవే ఎడాలు. అంటే ఎనిమిది స్వరాలకి ఎనిమిది చోట్లు కాదు, చేతికి ఒక్క ఆకారం వస్తే చాలు, రెండు తీగల మీదా పనిచేస్తుంది. ఎవరూ చెప్పకపోతే ఇది తెలియడానికి నెలలు పడుతుంది.

కాబట్టి మీరు నేర్చుకునేది ఏదైనా సరే, అందులో అసలు కష్టం ఎక్కడుందో కొలిచి చూడండి, కాగితం మీద రాయండి. "ఫిడేలు రావట్లేదు" అని కాకుండా "రి నుంచి గ కి వెళ్ళేటప్పుడు మధ్యవేలు చాలట్లేదు" అని రాసుకుంటే రేపు ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది.

గురువుని వెతుక్కునేటప్పుడు

ఇందులో నేను దెబ్బతిన్నా కాబట్టి కాస్త వివరంగా చెప్తా. నేను మొదట చేరిన చోట మూడు నెలల్లో గీతం (స్వరాల పాఠాలన్నీ అయ్యాక నేర్పే మొదటి పాట) పట్టించేశారు, ఎందుకంటే వాళ్ళకి వార్షికోత్సవం ఉంది, స్టేజీ మీద అందరూ కూర్చుని వాయించాలి. నాకూ సంబరంగానే ఉండేది, ఇంట్లో అందరూ వీడియోలు తీశారు. తర్వాత ఇప్పటి మాస్టారి దగ్గరికి వెళ్తే ఆయన ఒక్క స వాయించమన్నారు, బో (తీగల మీద లాగే కమాను) పూర్తిగా ఒక చివర నుంచి ఇంకో చివరికి, ఒకే గొంతుతో. నాకు రాలేదు. బో మధ్యలో వణికింది, చివరికొచ్చేసరికి గుర్రం (తీగలు ఆనే చిన్న నిలువు చెక్క) మీదకి జారి కీచుమంది. ఆయన ఏమీ అనలేదు, "మళ్ళీ మొదట్నుంచి చేద్దామమ్మా" అన్నారు, అంతే. బో పట్టుకోవడంలో అలవాటైన తప్పు పోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది, కొత్తగా నేర్చుకోవడం కంటే తప్పుగా నేర్చుకున్నది మర్చిపోవడమే ఎక్కువ కష్టం.

అందుకని చేరే ముందు ఒక క్లాసులో కూర్చుని చూస్తానని అడగండి. మాస్టారు పిల్లల చెయ్యి పట్టుకుని సరిచేస్తున్నారా, తప్పు వస్తే అక్కడే ఆపుతున్నారా, ఆయన కూడా వాయించి చూపిస్తున్నారా చూడండి. పెద్ద వయసువాళ్ళకి చెప్పడానికి ఆయనకి ఓపిక ఉందో లేదో నేరుగా అడిగెయ్యండి, మొహమాటపడితే మనకే నష్టం. పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల మన కంటే ముందు జంట వరసల్లోకి (ఒక్కో స్వరం రెండేసిసార్లు వాయించే పాఠాలు) వెళ్ళిపోతుంది, అది జరుగుతుంది, పిల్లల వేళ్ళు మెత్తగా ఉంటాయి, వాళ్ళకి తప్పు చేస్తామన్న భయం కూడా ఉండదు. మనకున్న బలం వేరే, మనకి చెప్పింది అర్థమవుతుంది, ఎందుకు తప్పొస్తోందో ఆలోచించగలం, ఎవరూ తొయ్యకుండా మనంతట మనమే వచ్చాం.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి వీడియో కాల్‌లో నేర్చుకునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఒక చిన్న మాట. ఈ వీడియో యాప్‌లు ఫిడేలు శబ్దాన్ని గోల అనుకుని నొక్కేస్తాయి, మాస్టారికి సగం స్వరాలు వినపడవు, ఆయనేమో మీరు సరిగ్గా లాగట్లేదనుకుంటారు. జూమ్‌లో అయితే ఒరిజినల్ సౌండ్ అని ఒకటి ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. అలాగే ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు, శబ్దం ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి. ఆయన వాయించింది రికార్డు చేసుకుని, క్లాసు అయ్యాక దానితో కలిపి వాయించుకోండి. వీలైతే ఏడాదికోసారి ఇండియా వచ్చినప్పుడు నాలుగు రోజులైనా ఎదురుగా కూర్చోండి, చెయ్యి పట్టే కోణం కెమెరాలో తెలీదు.

రోజూ ఇరవై నిమిషాలు, కానీ ఇలా

ఆదివారం రెండు గంటలు కూర్చుంటానని, మిగతా వారమంతా వదిలేస్తే పని జరగదు, నేను చేసి చూశా. సోమవారానికి వేళ్ళు వాచినట్టు ఉంటాయి, శనివారానికి నేర్చుకున్నది చేతిలోంచి పోతుంది. రోజూ ఇరవై నిమిషాలు చాలు, మొదటి ఆరు నెలలూ అంతకంటే ఎక్కువ వద్దనే చెప్తా. ఏ టైమ్ అన్నది మీ ఇంటిని బట్టి చూసుకోండి. నాకైతే పొద్దున్న ఐదున్నర, కుక్కర్ పెట్టకముందు, ఎందుకంటే రాత్రి అనుకున్న ఏ పనీ మా ఇంట్లో జరగదు.

ఫిడేలుని బీరువా మీద పెట్టకండి. కేసు మంచం పక్కనే ఉండాలి, మీరు కూర్చునే చాప పరిచే ఉండాలి. తీసి, విప్పి, కూర్చోవడానికి ఐదు నిమిషాలు పట్టిందంటే ఆ ఐదు నిమిషాల్లోనే మనసు ఇంకో పని మీదకి పోతుంది.

కూర్చున్నాక మొదటి ఐదు నిమిషాలు శ్రుతి పెట్టి ఉత్త తీగలు, ఎడమచేత్తో ఏమీ నొక్కకుండా. మన పద్ధతిలో నాలుగు తీగలూ స ప స ప కి కడతారు, ఆ నాలుగింటి మీదా బో నిండుగా లాగడం. ఇది పిల్లల పాఠం అనుకుని చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి. ఆ ఐదు నిమిషాల్లో మీ కుడిచెయ్యి ఆ రోజు ఎలా ఉందో తెలుస్తుంది, భుజం బిగిసిందా, బొటనవేలు గట్టిగా పట్టేసిందా, బో గుర్రానికి సమాంతరంగా వెళ్తోందా లేక ఫింగర్ బోర్డు (వేళ్ళతో నొక్కే ఆ నల్ల చెక్క) మీదకి పాకుతోందా అన్నీ కనిపిస్తాయి. శబ్దం కీచుమంటుంటే చాలాసార్లు కారణం ఒకటే, ఎక్కువ నొక్కుతున్నారు, తక్కువ లాగుతున్నారు. బరువు తగ్గించి బో పొడుగ్గా లాగండి.

(ఇక్కడ ఒకటి చెప్పాలి. కొత్త ఫిడేలు కొని తెచ్చుకుని బో పెడితే అసలు శబ్దమే రాకపోతే కంగారు పడకండి. కొత్త బోకి రోజిన్ (వెంట్రుకలు తీగని పట్టేలా రుద్దే జిగురు బిళ్ళ) ఉండదు, రుద్దాలి, బాగా రుద్దాలి. కొత్త రోజిన్ బిళ్ళ అద్దంలా నున్నగా ఉంటే దాని మీద సన్నటి గరుకు కాగితం ఒకసారి రాస్తే అప్పుడు అంటుకుంటుంది. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, షాపువాళ్ళు పాడైపోయింది అంటగట్టారనుకుని ఆ రాత్రంతా దిగులుపడ్డా. వాయించడం అయిపోయాక బో మర మూడు చుట్లు వదులు చెయ్యండి, వెంట్రుకలని చేత్తో ముట్టుకోకండి.)

తర్వాత పది నిమిషాలు ఒకే ఒక్క చోటు. మళ్ళీ చెప్తున్నా, ఒక్కటే. మొత్తం పాఠం మొదట్నుంచి చివరిదాకా వాయిస్తూ, తప్పు దగ్గర తడబడి, మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ అక్కడే తడబడి, ఇలా ఇరవైసార్లు చేస్తే చేతికి ఆ తడబాటే పాఠంలో భాగం అనుకుని అలవాటైపోతుంది. నాకు మ నుంచి ప కి వెళ్ళేటప్పుడు బో రెండు తీగలకీ తగిలి రెండు శబ్దాలు కలిసి వచ్చేవి. సరళి వరస (స రి గ మ ప ద ని స ఎక్కి దిగే మొట్టమొదటి పాఠం) మొత్తం పక్కనపెట్టి పదిరోజులు నేను చేసింది ఇదే: మ వాయించి, ఆపి, బో తీగ మీద నుంచి తియ్యకుండా మోచేతిని మాత్రం కదిపి పక్క తీగ మీదకి వాల్చి, ఆపి, అప్పుడు ప. మ, ఆగు, వాలు, ప. మ, ఆగు, వాలు, ప. మొదటి రెండురోజులు ఏ మార్పూ లేదు, నాలుగోరోజున ఆగే టైమ్ కాస్త తగ్గింది, ఎనిమిదోరోజు పొద్దున నాకు తెలీకుండానే ఆగకుండా వెళ్ళిపోయింది, చెయ్యి తానే వాలింది. చెయ్యి తిరగడం అంటే ఏంటో నాకు ఆ పొద్దున అర్థమైంది. గదిలో ఒక్కదాన్నే ఉన్నా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చివరి ఐదు నిమిషాలు మీకు వచ్చింది, మీకిష్టమైంది, తప్పొచ్చినా సరే వాయించుకోండి. దీన్ని వదలద్దు. రోజూ తప్పుల దగ్గరే లేచిపోతే మర్నాడు కూర్చోబుద్ధి కాదు.

పాడకుండా వాయించకండి

ఇది మా మాస్టారు చెప్పినప్పుడు నాకు నచ్చలేదు, నా గొంతు బాగోదు, ఫిడేలు నేర్చుకుంటుంటే పాడటమెందుకు అనుకున్నా. కానీ ఆలోచించండి, మెట్లు లేని వాయిద్యం మీద వేలు ఎక్కడ ఆగాలో చెప్పేది చెవే. ఆ స్వరం మనసులో ముందే పలుకుతుంటే వేలు దాన్ని వెతుక్కుంటూ వెళ్తుంది, పలకకపోతే చీకట్లో తడుముకున్నట్టే. కాబట్టి ముందు చేత్తో తాళం వేస్తూ పాడండి. ఆది తాళం, ఎనిమిది దెబ్బలు, లఘువు అనే భాగానికి నాలుగు, తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోదానికి రెండేసి. ఫిడేలు పట్టుకున్నాక చేతులు ఖాళీ ఉండవు కాబట్టి తాళం ముందే ఒంట్లోకి ఎక్కాలి. నేను వంట చేస్తూ పాడతా, బస్సులో మనసులో పాడుకుంటా, తొడ మీద వేళ్ళతో లెక్క పెట్టుకుంటా, పక్కసీటు ఆవిడ ఒకసారి "సంగీతమా అమ్మా" అని అడిగింది.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, నాయుడు గారు అక్కడ ఫిడేలు చెప్పడానికి చేరారు, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయనకి చూపు సరిగ్గా ఉండేది కాదు. ఫిడేలు అనగానే తెలుగువాళ్ళకి మొదట గుర్తొచ్చే మనిషికి కళ్ళు సాయం చెయ్యలేదంటే, ఈ వాయిద్యం దేని మీద నిలబడిందో అక్కడే తెలుస్తోంది. అందుకే నేను చెప్పేది, వారంలో రెండురోజులైనా కళ్ళు మూసుకుని వాయించండి. కొందరు మాస్టార్లు మొదట్లో ఫింగర్ బోర్డు మీద స్టిక్కర్లు అంటిస్తారు, అది తప్పు కాదు, కానీ రెండుమూడు నెలలకి పీకెయ్యమని అడగండి, లేకపోతే చెవి పని కంటికి అప్పగించినట్టవుతుంది. కళ్ళు మూసుకుంటే మొదటివారం ఘోరంగా ఉంటుంది. తర్వాత వినడం మొదలవుతుంది.

పెద్దవాళ్ళ రికార్డింగులు వినండి కానీ మీ సాధకం అయిన వెంటనే వినకండి, పోల్చుకుని నీరసపడతారు. నేను మధ్యాహ్నం భోజనం టైములో వింటా.

ఆ నాలుగో నెల వచ్చినప్పుడు

వస్తుంది. కొందరికి మూడో నెల, కొందరికి ఏడో నెల. సాధారణంగా ఒకటో కాలం కుదిరి, రెండో కాలం పట్టుబడుతూ, మూడో కాలం మొదలుపెట్టే చోట వస్తుంది. ఒకటో కాలంలో దెబ్బకి ఒక స్వరం, రెండులో రెండు, మూడులో నాలుగు, అంటే ఒక ఆవర్తనంలో (తాళం ఒక చుట్టు) ఎనిమిది స్వరాలు కాస్తా 32 అవుతాయి. చెయ్యి తొక్కిసలాటలో పడిపోతుంది, దాంతో వచ్చిన ఒకటో కాలం కూడా చెడినట్టు అనిపిస్తుంది.

అప్పుడు నన్ను కాపాడింది రికార్డింగులు. వారానికి ఒక్కసారి, శనివారం, ఒకే పాఠం, ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసి తేదీ పేరు పెట్టి దాచా. ఆరోజు వినకూడదు, ఇది రూలు. ఎందుకంటే ఆరోజు చెవి వేడిమీద ఉంటుంది, తప్పులే వినిపిస్తాయి. నెల తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన వినండి. నాలుగో నెలలో ఏడుపొచ్చి మానేద్దామనుకున్న రోజున మా ఆయన నా మొదటి నెల రికార్డింగు పెట్టారు, నేను పది సెకన్లు కూడా వినలేకపోయా, రి ఒక చోట గ ఇంకో చోట, బో గరగర. ఆ రోజుల్లో అదే నాకు బాగా వచ్చినట్టు అనిపించింది! అంటే మొదటి నెలలో ఉన్న సంతోషం వినపడక వచ్చింది, నాలుగో నెలలో ఉన్న బాధ వినపడి వచ్చింది. ఈ రెండోదే మంచిదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇంకో పని, మూడో కాలం రాకపోతే చెయ్యి వేగం పెంచకండి, తాళం నెమ్మది చెయ్యండి. మెట్రోనోమ్ (తాళం దెబ్బలు వినిపించే పరికరం) నిమిషానికి 60 దెబ్బల్లో రాకపోతే 40కి దించండి, మూడో కాలమే వాయించండి కానీ దెబ్బకీ దెబ్బకీ మధ్య చోటు ఉంటుంది. వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వచ్చాకే రెండు అంకెలు పెంచండి. మూడోసారి తప్పొస్తే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. విసుగే, కానీ పనిచేస్తుంది. నేను 40 నుంచి 60కి రావడానికి ఏడు వారాలు పట్టింది.

ఆ రోజుల్లో పాత పాఠానికి వెళ్ళి వాయించడం కూడా మంచిదే. జంట వరసల్లో ఉంటే సరళి మొదటి వరస ఒకసారి వాయించి చూడండి, ఒకప్పుడు కొండలా ఉన్నది ఇప్పుడు చేతికి ఎంత తేలిగ్గా ఉందో మీకే తెలుస్తుంది. జంటల్లో రెండో స్వరానికి కాస్త ఒత్తు ఇవ్వాలి, సస రిరి గగ, ఆ ఒత్తు బో నుంచి రావాలి తప్ప వేలు నుంచి కాదు, ఇది పట్టుబడటానికి నాకు మూడు నెలలు. తర్వాత అలంకారాలు, అంటే ఏడు తాళాల్లో స్వరాల పాఠాలు, అందులో మూడు నాలుగు చోట్ల మళ్ళీ ఇదే బాధ వస్తుంది. మొదటిసారి దాటాక రెండోసారి భయం తక్కువ. మలహరి రాగంలో మొదటి గీతం నేను సరిగ్గా వాయించింది రెండో ఏడాదిలో, నాకు ఏ చింతా లేదు.

నొప్పి, ఇల్లు, పక్కవాళ్ళు

ఎడమచేతి వేళ్ళ కొసలు మొదటి నెలరోజులు మండుతాయి, గీతలు పడతాయి, తర్వాత గట్టిపడతాయి, దానికి భయపడక్కర్లేదు. కానీ మణికట్టులో, భుజంలో, మెడలో పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడే ఆపెయ్యండి, ఓర్చుకుని వాయించడం గొప్ప కాదు. దాదాపు ఎప్పుడూ కూర్చునే తీరులో తేడా ఉంటుంది. మన పద్ధతిలో కింద కూర్చుని ఫిడేలు తల కుడికాలి మడమ దగ్గర ఆనించి, రెండో చివర ఎడమ భుజానికీ ఛాతీకీ ఆనుతుంది, అంటే బరువు కాలు మొయ్యాలి, చెయ్యి మొయ్యకూడదు. మోకాళ్ళ నొప్పులుండి కింద కూర్చోలేనివాళ్ళు మాస్టారికి ముందే చెప్పండి, దివాను మీద కూర్చుని నేర్చుకునేవాళ్ళు ఉన్నారు. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

ఇంట్లోవాళ్ళకి మొదటే చెప్పెయ్యండి, ఆరు నెలలు వినడానికి బాగోదు, ఓర్చుకోండి, ఎలా ఉందని అడగకండి, బాగుందని కూడా అనకండి అని. మా అత్తగారు మొదటి వారం చెవుల్లో దూది పెట్టుకున్నారు, ఇప్పుడు ఆవిడే పొద్దున్నే "ఇవాళ లేవలేదేంటే" అని తలుపు కొడతారు. అపార్ట్‌మెంట్ అయితే గుర్రం మీద పెట్టే రబ్బరు మ్యూట్ దొరుకుతుంది, శబ్దం బాగా తగ్గిస్తుంది, కానీ రోజూ దాంతోనే వాయిస్తే అసలు శబ్దం ఎలా ఉందో తెలీదు, వారంలో రెండు మూడు రోజులు అది తీసేసి వాయించండి. పై ఫ్లాటు ఆవిడకి నేనే వెళ్ళి చెప్పా, ఇలా నేర్చుకుంటున్నానండీ, మీకు ఇబ్బందైతే టైమ్ మారుస్తానని. ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతాం. పెళ్ళిళ్ళు, జ్వరాలు, ఆడిట్లు. పోయినేడు మా బాబు ఇంటర్ పరీక్షలప్పుడు నేను నలభై రోజులు కేసు తెరవలేదు. మళ్ళీ మొదలుపెట్టడానికి అడ్డం వచ్చేది చెయ్యి కాదు, సిగ్గు. మాస్టారికి ఏం చెప్పాలి, ఎంత పోయిందో చూడాలంటే భయం, దాంతో ఇంకో వారం, ఇంకో వారం. అందుకని దీనికొక పద్ధతి పెట్టుకున్నా. మొదటిరోజు ఏ పాఠం వాయించను. కేసు తెరిచి, మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, తీగలు చుట్టి బిగించే బిరడాలు సరిచేసి శ్రుతి పెడతా అంతే. అన్నిరోజులు ముట్టుకోకపోతే తీగలు వదులైపోతాయి, వర్షాకాలంలో చెక్క ఉబ్బి బిరడాలు కదలవు, ఎండాకాలంలో నిలబడవు, బిరడాని లోపలికి కాస్త నొక్కుతూ నెమ్మదిగా తిప్పాలి, తొందరపడితే సన్నతీగ పుటుక్కున తెగుతుంది. అందుకే ఒక సెట్టు తీగలు ఎప్పుడూ కేసులో ఉంచుకోండి. రెండోరోజు ఉత్త తీగలు పది నిమిషాలు. మూడోరోజు సరళి మొదటి వరస, ఒకటో కాలం. నాలుగోరోజు మాస్టారికి ఫోన్.

ఆ నలభై రోజుల తర్వాత నేను ఫోన్ చేస్తే ఆయన ఎందుకు రాలేదని అడగలేదు. "తీగలు ఎలా ఉన్నాయమ్మా, మార్చాలా" అన్నారు. మొదటి తీగ మార్చాలి మాస్టారూ అన్నా. "సరే, గురువారం తీసుకురా" అన్నారు.